మోటారు రొద

టెక్కలి ఇంజనీరింగు కాలేజీలో రోబోల పోటీకి ఇంకా గంట ఉంది. భాగ్యశ్రీ చేసిన రోబో మాత్రం చక్రాలు తిరగ్గానే ఆగిపోతోంది. మోటార్లు పుట్టించే విద్యుత్ రొదకి దాని చిప్పు మతి తప్పుతోంది.

"ఇది నడవదమ్మా, నీ పేరు కొట్టేస్తాను. అక్కుపల్లిలో చేపల వేటకెళ్ళే ఇంటి నుంచి వచ్చి ఇంతదాకా చేశావు, అదే గొప్ప" అన్నారు వేంకటాచలం మాస్టారు.

"కొట్టెయ్యకండి సార్. ఓడితే ఓడతాను గానీ తప్పుకోను."

భాగ్యశ్రీ సోల్డరింగ్ ఐరన్ అందుకుంది. ఒక్కో మోటారుకీ రొదని మింగేసే మూడు బుల్లి కెపాసిటర్లు అతికించింది. రెండు కొసల మధ్య ఒకటి, ఒక్కో కొస నుంచి రేకు తొడుగుకి ఒక్కోటి. తీగల్ని జడలా పేనింది. స్విచ్చి వెయ్యగానే రోబో గది ఈ చివర నుంచి ఆ చివరికి ఆగకుండా వెళ్ళింది.

మాస్టారు తెల్లబోయారు. "ఇది పాఠంలో లేదే, ఎవరు నేర్పారు?"

"మా అమ్మ సార్. బోటు డైనమో వల్ల రేడియో గరగరలాడి, తుపాను కబురు ఇనబడక మా అయ్య సముద్రంలోనే ఉండిపోనాడు. ఆ ఏడే అమ్మ టంకం పెట్టి డైనమో రొద ఆపడం నేర్సుకుంది. ఇప్పుడు రేడియో తను సూడకండా మా ఊరి బోటొక్కటీ కదల్నివ్వదు."