మోచేతి అతుకు

"మోచేతికి అతుకున్నదే మావాడిది," అంది పెద్దావిడ.

టైలర్ మాస్టర్ తల దించుకున్నాడు. పాతకాలపు మిలిటరీ కోట్లకు నకళ్లు కుట్టి చలికాలంలో అమ్ముతాడు. యుద్ధం నుంచి తిరిగిరాని ఆమె కొడుకు ఇంట్లో వదిలివెళ్లిన కోటును నమూనాకని అడిగి తెచ్చుకున్నాడు.

"అతుకు కూడా అచ్చు దింపేశామమ్మా. అన్నిటికీ ఉంది. మీదానికి గుర్తు పెట్టుకోవడం మర్చిపోయాం."

ఆమె వరసగా వేలాడుతున్న కోట్ల మోచేతులు తడిమింది. అన్నీ పాతవాటిలా కనబడాలని ఉప్పుకాగితంతో అరగదీసినవే. ప్రతి అతుకూ తన చేతి కుట్టులాగే ఉంది.

"పోనీ, వాసన చూసి చెప్తాలే. ఇన్నేళ్లూ ఒక్కసారి కూడా ఉతకలేదు బాబూ."



ఆమె ఒక కోటును ముఖానికి అదుముకుంది. సబ్బు వాసన. పక్కదీ అంతే.

"ఏదో ఒకటి తీసుకెళ్లండమ్మా."

ఆమె ఒకటి తీసుకుంది. గుమ్మం దాకా వెళ్లి, మిగిలిన కోట్లవైపు తిరిగి, అక్కడే నిలబడిపోయింది.