సవతి పిట్ట

మాకు పెళ్లయి పదకొండు రోజులు. బరింగో సరస్సు దగ్గర యాత్రికులకు పక్షులను చూపించే మా ఆయన కిమోసోప్, చీకటి పడగానే ఓ ఆడ గుడ్లగూబను ఈల వేసి పిలుస్తాడు. అది పలుకుతుంది.

"మూడు ఈలలు మించకూడదు, బెదిరిపోతుంది పాపం" అంటాడు. ఆ సవతి మీద ఎంత ప్రేమో!

ఈ రాత్రి తుమ్మచెట్లలోంచి ఈల వినగానే, గుడారంలోంచి దాని గొంతుతో నేనే పలికాను. ఈల దగ్గరికొచ్చింది. నవ్వాపుకుంటూ మళ్లీ పలికాను. నాలుగో ఈల విన్నా నేను ఆగలేదు.

నెగడు దగ్గర నుంచి కిమోసోప్ అరిచాడు. "జెరూటో, ఎవరికి జవాబిస్తున్నావు? నేనింకా ఇక్కడ చాయ్ తాగుతున్నా."

అప్పుడే గుడారం గుడ్డకు అవతల, నా చెవి పక్కనే, ఈల మెత్తగా మోగింది. నా పెదవులు వాటంతటవే సున్నాలా ముడుచుకున్నాయి.