వలిచిన గింజలు

"విత్తవద్దు. తొమ్మిది రోజులు ఆగండి," అని చేలోని పెట్టె మళ్లీ చెప్పింది.

ఊళ్లో ప్రతి చేనుకూ అలాంటి పెట్టె ఒకటి ఉంది. అది చెప్పిన రోజున విత్తితే, పైరు ఎండిపోయినా పెట్టె పెట్టినవాళ్లు మళ్లీ విత్తనం ఇస్తారు. ముందే విత్తితే ఇవ్వరు.

నాగవేణి పొద్దుటినుంచి ఇంటికీ చేనుకూ నాలుగుసార్లు తిరిగింది. వాన పడిన రోజే అత్త ఓబులమ్మ తొందరపడి, ఇరుగుపొరుగు ఆడవాళ్లను పిలిచి విత్తనపు వేరుశనగంతా వలిపించేసింది. వలిచిన గింజ ఈ ఎండలకు ఎక్కువ రోజులు నిలవదు. ఇంట్లో వేరే విత్తనం లేదు.

"ఇది ఆగమంటాదని నాకేమన్నా కల పడిందా మే? వానొస్తే వలిచేది, వలిస్తే ఇత్తేది. అంతే గదా!" అంది ఓబులమ్మ.

"నేల పదునారిపోతాంది అత్తా."

"అయితే పట్టు గంప."

విత్తే గొర్రు పెట్టె చెబితేనే కదులుతుంది. అందుకని ఇద్దరూ సాళ్లలో చేత్తోనే గింజలు వేశారు. సగం చేను అయ్యేసరికి పెట్టె పలికింది.

"మట్టి కదిలింది. విత్తారా?"

"పందులు తవ్వినాయని చెప్పు," ఓబులమ్మ గుసగుసలాడింది.

నాగవేణి పెట్టె వైపు తిరిగింది. "ఇత్తినాం. వలిచి అయిదు రోజులాయ. ఇంకా తొమ్మిది రోజులంటే మొలకే రాదు."

పెట్టె మళ్లీ పలికింది.

"వలిచారేమోనని నేను అడగలేదు. మిగిలినవీ వేయండి. ఎండితే మళ్లీ విత్తనం ఇమ్మని పైకి రాస్తున్నాను. ఇస్తారో లేదో చెప్పలేను."

"నీకూ పైవాళ్లుండారా నాయనా!" అంటూ ఓబులమ్మ గంప చంకనెత్తుకుంది.