వెన్న మఫిన్ల దొంగ

ల్యాబ్ ఫ్రీజర్‌లో మళ్లీ ఓ మఫిన్ తగ్గింది.

ఈ నెలలో ఇది పదకొండోది. పోయేవన్నీ వెన్నతో చేసినవే. నూనెతో చేసిన వాటిని ముట్టుకున్న నాథుడు లేడు.

ప్రొఫెసర్ ఎల్మర్ టోర్సన్ అగ్గిమీద గుగ్గిలమయ్యారు. తిండిలోని వెన్న రక్తంలోకి చేరి ఏం చేస్తుందో తేల్చడానికే ఆయన ముప్ఫై ఏళ్లు ధారపోశారు. విస్కాన్సిన్‌లో, పాడి రైతుల నడుమ కూర్చుని వెన్న మానెయ్యమని చెప్పడం మాటలా? ఇది ఆయన ఆఖరి అధ్యయనం. వాలంటీర్లకని గ్రాముల్లో తూచి చేసిన తిండి మాయమవుతోందని బయటికి పొక్కితే, ఇన్నేళ్ల పేరూ గంగలో కలుస్తుంది.

"దొంగ దొరికిన రోజే వాడికి ఈ ల్యాబ్‌లో ఆఖరి రోజు. ఎవరైనా సరే," అని అందరి ముందూ చెప్పేశారు.

మఫిన్లు చేసే వెర్నా నింపాదిగా అంది.

"దానికింత హడావుడి ఎందుకు సార్? మీ పొడి ఉందిగా."

మఫిన్లన్నిటిలోనూ ఓ పొడి కలుపుతారు. వాలంటీరు మఫిన్ తిన్నాడో, చెత్తబుట్టలో పారేశాడో మర్నాడు మూత్రం చూస్తే తెలిసిపోతుంది. ఆ ల్యాబ్‌లో ఆ పద్ధతి పెట్టింది స్వయానా టోర్సనే. ఇక కాదనేదేముంది? రేపు సిబ్బంది అందరూ మూత్రం సీసాలు తేవాలన్నారు. మొదటి సీసా తనదేనన్నారు.

మర్నాడు పొద్దున ఆయనకు ముద్ద దిగలేదు. ఎదురుగా భార్య లోయిస్ ఉప్పూ చక్కెరా లేని ఓట్స్ జావ హాయిగా తింటోంది. ఇరవై ఎనిమిదేళ్లుగా వెన్న ఆ ఇంటి గడప తొక్కలేదు. పాపం, ఆవిడ ఒక్కనాడూ సణగలేదు. ఈ మధ్య గరాజ్‌నీ, అందులోని పాత ఫ్రిజ్‌నీ సర్దే పిచ్చి మాత్రం పట్టుకుంది. వద్దంటే వినదు.

"బెంగపడకు ఎల్మర్, దొరుకుతాడులే," అంది లోయిస్. "అంత రుచి మరిగినవాడు ఎక్కడికి పోతాడు?"

ల్యాబ్‌లో తొమ్మిది సీసాలు వరసగా నిలబెట్టారు. టోర్సన్ తన సీసా అందరికంటే ముందు పెట్టారు. ఆపైన మనసు తేలికపడి, మధ్యాహ్నం దాకా అందరినీ ఆటపట్టిస్తూ తిరిగారు.

రెండింటికి వెర్నా ఓ కాగితం పట్టుకుని ఆయన గదిలోకి వచ్చింది. తలుపు దగ్గరగా వేసింది.

"ఎనిమిది సీసాల్లో ఏమీ లేదు సార్. ఒక్కదాంట్లో ఉంది. అదీ కాస్తా కూస్తా కాదు, రెండు మఫిన్లు లాగించినంత."

"ఎవరిదమ్మా?"

"మీదే సార్."

అది నాది కాదని అరవబోయి, టోర్సన్ నోరు మూసుకున్నారు.

ఏటా చేయించే ఆరోగ్య పరీక్షకని అబద్ధం చెప్పి, పొద్దున్నే లోయిస్ చేత పట్టించి తెచ్చిన సీసా అది.