గంట తలుపు

“మా అమ్మాయి మొహం కూడా ఇంత తదేకంగా చూసి ఉండరు మీరు,” అంది అత్తగారు.

అల్లుడు తల తిప్పలేదు. “మీ అమ్మాయిని తీరిగ్గా చూడొచ్చు అత్తయ్యా. ఇది క్షణానికో రకంగా ఉంటుంది.”

“అదీ అంతే. పెళ్లయి ఇన్నేళ్లయినా మీకే తెలియలేదు.”

ఆమె చేతికర్ర ఒళ్లో పెట్టుకుని, అతను చూపించిన చోట, తెరిచిన కిటికీ పక్కన కూర్చుంది. అతను నేల మీద గొంతుక్కూర్చున్నాడు. ఎదురుగా మూసిన తలుపు. తలుపుకు అవతల మంట.

తలుపులు తగలబెట్టడం అతని ఉద్యోగం. కొలిమి నోటికి తలుపు బిగిస్తారు. అవతల మంట పెట్టి, ఇవతల కూర్చుని, అది ఎంతసేపు ఓర్చుకుంటుందో చూస్తారు. ఓర్చుకున్నంతసేపే దాని తరగతి. గోదాముల తలుపులు, ఓడల గదుల తలుపులు, అన్నీ అతని కళ్లముందే కాలాయి. అత్తగారికి ఈ ఉద్యోగం ఏనాడూ మింగుడుపడలేదు. ఎవరైనా అడిగితే ఆఫీసులో పని అని దాటేసేది. తలుపు కాలడం కళ్లారా చూడటం ఆమెకు ఇదే మొదటిసారి.

“ఇది ఏ తరగతి?”

“గంట తలుపు. నేనే పరీక్షించి ముద్ర వేసిన రకం.”

“రెండు గంటలవి లేవా?”

“ఉన్నాయి.”

“అది పెట్టకపోయారా?”

“పెట్టేది నేను కాదుగా.”

“మరి గంటలోపే ఇది చేతులెత్తేస్తే?”

“నా మాట అబద్ధమైనట్టు.”

ఆ సంగతే అతన్ని లోపల తొలుస్తోంది. పరీక్షకు తెచ్చే తలుపును చేసినవాళ్లు పసిబిడ్డలా సాకి తెస్తారు. ఆ తర్వాత వందలకొద్దీ చేసేవాటిని అంత ముద్దుగా ఎవరు చూస్తారు? ముద్ర మాత్రం అదే. ఈ తలుపు ఆ వందల్లో ఒకటి.

చట్రం అంచున సన్నని నల్లపట్టీ కదిలినట్టయింది. మెల్లగా ఉబ్బి, నురగలా పొంగి, తలుపుకూ చట్రానికీ మధ్య సందును పూడ్చేసింది. అంతవరకూ నూలుపోగులా కారుతున్న పొగ ఆగిపోయింది.

అత్తగారు ముందుకు వంగింది. “నిప్పు తగిలితే ఏదైనా ముడుచుకుంటుంది. ఇది పొంగుతుందేం?”

“దాని పుట్టుకే అంత. నిప్పు వచ్చేదాకా నిద్రపోతుంది. వచ్చాక లేచి అడ్డం పడుతుంది.”

“మా ఆయన దీనికి పూర్తిగా తలకిందులు.”

అతను నవ్వాడు. అవతల ఏదో పెద్దగా కూలింది. నేల అదిరింది. ఆమె వేళ్లు కర్ర చుట్టూ బిగిశాయి.

“తలుపు కాదు,” అన్నాడు. “దాని చప్పుడు నాకు తెలుసు.”

“నేనేమీ అడగలేదే.”

తెల్లరంగు పైభాగంలో గోధుమరంగు మరక పుట్టింది. గుడ్డ మీద ఒలికిన టీలా నింపాదిగా పాకింది. తలుపు నడుము కొద్దిగా ఇటు వంగింది. అవతల ఇనుము మెత్తబడేంత వేడి. ఇవతల, చెయ్యి చాపితే అందేంత దూరంలో, మనుషులు కబుర్లాడుకుంటున్నారు. మధ్య ఉన్నది నాలుగు వేళ్ల మందం చెక్క. ఎన్నిసార్లు చూసినా అతనికి ఇది వింతే.

“అమ్మాయి కిందే ఉందిగా?” అంది.

“కిందే ఉంది. ఫోన్ చేశాను.”

“వస్తున్నామని చెప్పారా?”

“చెప్పాను.”

కాసేపటికి అతను వాచీ చూసుకున్నాడు. “గంట అయింది అత్తయ్యా.”

“ఇంకా నిలబడే ఉందే.”

“ఉంది.”

“ఇంకెంతసేపు ఉంటుంది?”

“తెలీదు. గంట కాగానే మంట ఆర్పేస్తాం. ఆ తర్వాత ఏమవుతుందో నేనెప్పుడూ చూడలేదు.”

ఆమె సంచిలో చెవుల కోసం దాచుకున్న దూది ఉంది. దాన్ని అడిగి తీసుకుని, ఆమె కర్ర కొసకు చుట్టి, తలుపు పైసందు దగ్గర పెట్టాడు. దూది అంటుకుంటే తలుపు ఓడినట్టు. తీసి చూస్తే అంచులు కమిలాయి. అంటుకోలేదు.

“మాటకు మించి నిలబడింది,” అన్నాడు.

అత్తగారు కుర్చీ పట్టుకుని లేచింది. గుడికి వచ్చినదానిలా తలుపు వైపు తిరిగి, రెండు చేతులూ జోడించింది.

“ఇకమీదట ఎవరడిగినా ఉన్నదున్నట్టే చెబుతాను బాబూ. మా అల్లుడు తలుపులు కాలుస్తాడని.”

“సరే అత్తయ్యా. ఇటు తిరగండి.”

ఫైరింజన్ నిచ్చెన నాలుగో అంతస్తులో ఆ కిటికీకి అందింది.