పంపినవారి పేరు

"సంతకం పెట్టు తల్లీ. పోలీసులు గేటు దగ్గరే ఉన్నారు," అన్నాడు లమ్జెద్, ఫిర్యాదు కాగితం మబ్రూకా ముందుకు తోస్తూ.

గాబెస్ ఊరి నీటి శుద్ధి కేంద్రానికి అతను మేనేజరు. మబ్రూకా అక్కడ కంప్యూటర్లు చూసే ఇంజనీరు. కంప్యూటర్లోంచైనా ఫోన్లోంచైనా తెరవగలిగే క్లోరిన్ వాల్వును నిన్న ఎవరో పూర్తిగా తెరిచారు. ఇద్దరు పనివాళ్లు ఊపిరాడక ఆసుపత్రిలో పడ్డారు. ఎవరేం చేశారో రాసిపెట్టే కంప్యూటర్ లాగ్‌లో నమోదైన సందేశం మీద మిలూద్ పేరుంది. ముప్పై ఏళ్లుగా పంపులు నడిపిన ఆ మనిషి ఇప్పుడు గోడవారగా నిలబడి టోపీ నలుపుకుంటున్నాడు.

"నేను ఆ వాల్వు జోలికే పోలేదు లమ్జెద్ గారూ."

"మరి నీ పేరు దానంతటదే నడిచొచ్చిందా?"

మబ్రూకా కలం ముట్టుకోలేదు. "లాగ్ సందేశానికి మూడు పొరలుంటాయి సార్. లోపల విషయం. దాని మీద పంపినవారి పేరు రాసిన కవరు. ఆ కవరును మోసుకొచ్చే దారి. మోసేదానికి పేరు నిజమా కాదా అనవసరం. ఎవరి పేరైనా ఎవరైనా రాసెయ్యొచ్చు."

"కబుర్లొద్దు. చూపించు."

ఆమె తన కంప్యూటర్లో టకటకా ఏదో కొట్టింది. గోడ మీది తెరపై ఒక వరుస వచ్చింది: 'క్లోరిన్ వాల్వు తెరిచారు. పంపినవారు: లమ్జెద్.'

"వాల్వు కదల్లేదు. ఉత్త మాటే వచ్చింది, అదీ మీ పేరు మీద."

లమ్జెద్ తెరకేసి చూశాడు. తర్వాత కాగితం నిలువునా చింపేశాడు.

"పొరబడ్డాం మిలూద్. కూర్చో, టీ తాగి వెళ్దువు."

మిలూద్ కళ్లు తుడుచుకుని మబ్రూకా తల నిమిరాడు. "నీ కడుపు చల్లగుండ తల్లీ."

లమ్జెద్ ఫోన్ తీసి ఏదో నొక్కుతున్నాడు. "అయితే పేరు చూసి ఎవర్నీ పట్టుకోలేమంటావు."

"లేం సార్. అది అసలు ఏ యంత్రంలోంచి బయల్దేరిందో వెతకాలి. సాయంత్రానికల్లా తేల్చేస్తాను."

"సాయంత్రానికా," అన్నాడు తల ఎత్తకుండానే.

తెర మీద రెండో వరుస వచ్చింది: 'క్లోరిన్ వాల్వు తెరిచారు. పంపినవారు: లమ్జెద్.'

మబ్రూకా చేతులు ఒళ్లోనే ఉన్నాయి. బయట గ్యాస్ లీకు సైరన్ మోగింది. ఎవరో దగ్గుకుంటూ పరుగెడుతున్నారు.

లమ్జెద్ ఫోన్ జేబులో వేసుకుని, లేచి, కిటికీ తలుపు గట్టిగా మూశాడు.

"పోలీసుల్ని లోపలికి పిలువు మిలూద్," అన్నాడు నెమ్మదిగా. "ఈ పిల్ల నా పేరు పెట్టి పంపడం నీ కళ్లారా చూశావుగా."