చేతులన్నీ లేచే క్లాసు

"జాబితా పొద్దున్నే వెళ్లిపోయిందమ్మా," అన్నాడు షుక్రి, టీ గ్లాసు మీంచి చూపు ఎత్తకుండా. "ఇప్పుడు పేరు చేర్చడం నా వల్ల కాదు."

స్టాఫ్ రూమ్ గుమ్మంలో బుసైనా నిలబడి ఉంది. ఇంగ్లిష్ రీడర్‌ని రెండు చేతులతోనూ గుండెకి అదుముకుని.

"ఐదుగురిలో నేను లేనా మిస్టర్?"

"లేవు."

"మరి నాన్నకేం చెప్పను? అలెగ్జాండ్రియా కోర్సులో సీటొస్తే చదివిస్తానన్నాడు. రాకపోతే వచ్చే వారం నుంచి కుట్టు కార్ఖానాకి పొమ్మన్నాడు."

దమన్హూర్ ఊళ్లోని ఆ బాలికల బడికి ఆ ఇంగ్లిష్ కోర్సులో ఇచ్చినవి ఐదే ఉచిత సీట్లు. ఇంగ్లిష్ మాస్టారు ఎవరి పేరు రాస్తే వాళ్లకే. నిన్న అరవై రెండు పేర్లలో ఏరుతూ ఈ పిల్ల పేరు దగ్గర అతని పెన్ను కాసేపు ఆగింది. ఆగి, దాటేసింది.

"కాసేపు బయట కూర్చో. రీడర్ వాపసు రాయించుకోవాలి," అని పంపేశాడు.

పక్క టేబుల్ దగ్గర తామియా వడలు పెట్టిన రొట్టె పొట్లం విప్పుతున్న అబ్లా ఇనాయత్ అంతా వింది. టీచరమ్మని అక్కడ అబ్లా అంటారు; ఈ అబ్లా పిల్లలకి అరబిక్ చెబుతుంది, పెద్దలకి సలహాలు చెబుతుంది.

"డిసెంబర్‌లో దమియెట్టా నుంచి వచ్చి చేరిన పిల్ల కదూ? నా క్లాసులో మెరిక. నోట్సు ముత్యాల్లా ఉంటుంది."

"నాకేమో పేజీ అంతా సిరా పులిమి ఇస్తుంది. గాడిద పొర్లినట్టు."

"మార్కులు?"

"ఇరవైకి పద్దెనిమిది."

"ఇంకేం కావాలయ్యా నీకు!"

"అవి సల్వా మార్కులు అబ్లా. ఇద్దరిదీ ఒకే బెంచీ. రాస్తున్నంతసేపూ మోచేతులు గుద్దుకుంటూనే ఉంటాయి. చూసి రాయడానికి కాకపోతే అంత దగ్గరెందుకు? అలెగ్జాండ్రియాలో మాట్లాడాలి. ఈ పిల్లకి నోటితో ఒక్క ముక్క రాదు."

"అడిగి చూశావా?"

"అడగను. అదే నా పద్ధతి."

"మొదలెట్టాడు," అంది ఇనాయత్ పైకప్పుతో.

"నవ్వకండి. భయపడే పిల్లకి పరాయి భాష అంటదని ట్రైనింగ్ కాలేజీలో వందసార్లు చెప్పారు. నలుగురిలో తప్పు చెబితే మళ్లీ నోరు తెరవదు. అందుకే సెప్టెంబర్‌లో బడి తెరిచిన మొదటి రోజే క్లాసుతో ఒప్పందం చేసుకుంటాను. ప్రశ్న వేస్తే అందరూ చెయ్యెత్తాలి. జవాబు తెలిస్తే కుడి చెయ్యి, తెలియకపోతే ఎడమ చెయ్యి. నేను కుడి చేతుల్నే అడుగుతాను. ఎవరి పరువూ పోదు."

"ఇన్‌స్పెక్టర్‌కి మాత్రం క్లాసంతా చేతులే! అమ్మ దొంగా!"

"మొదట ఆయన కోసమే చేశాను, ఒప్పుకుంటా. తర్వాత చూస్తే పిల్లలు నిజంగానే ధైర్యంగా మాట్లాడటం మొదలెట్టారు."

"మరి ఈ పిల్ల?"

షుక్రి టీ గ్లాసు పక్కన పెట్టేశాడు.

"రోజూ ఎడమ చెయ్యే. ప్రతి ప్రశ్నకీ, అందరికంటే ముందు. అంత నిజాయితీ నేనెక్కడా చూడలేదు. ఫిబ్రవరి తర్వాత అదీ ఎత్తడం మానేసింది. జాలేసి ఏమీ అనలేదు. ఒక్కసారైనా ఆ పిల్ల కుడి చెయ్యి లేపించలేకపోయాను అబ్లా. నాకే చెప్పడం చేతకాలేదేమో."

ఇనాయత్ ఈసారి నవ్వలేదు. రొట్టెలో సగం తుంచి అతని ముందు పెట్టింది. అతను తినలేదు. బుసైనాని పిలిచాడు.

"నా మీద కోపమా?"

"ఒక్కటి అడగనా మిస్టర్? నేను చెయ్యెత్తినప్పుడల్లా మీరు చూసేవారు. చూసి, నవ్వి, ఇంకొకళ్లని లేపేవారు. నేనేం తప్పు చేశాను?"

"తప్పేం లేదమ్మా. నిన్ను కాపాడానంతే."

"దేన్నుంచి?"

ఆ మొహంలో నిజంగానే ఏమీ తెలియనట్టుంది. అబ్లా ముందు క్లాసు రహస్యం బయటపెట్టకూడదని ఎంత బాగా నటిస్తోందో అనుకున్నాడు షుక్రి. ఇంత మంచి పిల్లకి నాలుగు ముక్కల ఇంగ్లిష్ నేర్పలేకపోయాడు.

"పోనీలే," అన్నాడు. రిజిస్టర్ తెరిచి, పెన్ను మూత తీసి ముందుకు జరిపాడు. "రీడర్ ఇచ్చేసినట్టు తేదీ వేసి, ఇంగ్లిష్‌లో పేరు రాసి వెళ్లు."

బుసైనా రీడర్‌ని టేబుల్ మీద పెట్టి, వంగి, పేరు రాసింది.

ఎడమ చేత్తో.